అవ్వ అర్జీలోకి ధరణి ఎలా వచ్చింది?

ప్రశ్న: అక్కా, నేను ఒంగోలులో కలెక్టరేట్‌కి దగ్గర్లో ఒక డీటీపీ, జిరాక్స్ షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. సోమవారం వచ్చిందంటే అర్జీలు టైపు చేయించుకునేవాళ్ళతో ఊపిరాడదు. మిగతా రోజులు శుభలేఖలు, ఫ్లెక్సీలు, నివాళి కార్డులు. పోయినేడాది నుంచి చాట్‌జీపీటీ వాడుతున్నా. రెండు ముక్కలు చెబితే పేజీ రాసిచ్చేస్తుంది, వచ్చినవాళ్ళు కూడా భాష బాగుందంటున్నారు. కానీ ఈమధ్య రెండు తప్పులు జరిగాయి. కొండపి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వకి పొలం అర్జీ రాసిచ్చా. భర్త పోయాక ఎకరా ఇరవై సెంట్లు ఆమె పేరు మీదికి ఎక్కలేదు. అర్జీలో ధరణి పోర్టల్ అని, ఏదో సెక్షన్ అని వచ్చింది, నేను చూసుకోలేదు. అక్కడ తీసుకునేవాళ్ళు "నీ పొలం తెలంగాణలో ఉందా అవ్వా" అన్నారట. ఆమె మళ్ళీ షాపుకొచ్చి నన్ను తిట్టలేదు, "నేను చెప్పింది ఇది కాదు గదమ్మా" అంది, అంతే. రెండోది, టంగుటూరు దగ్గర ఒకే ఊళ్ళో పది రోజుల తేడాతో ఇద్దరు పెద్దవాళ్ళు పోతే, ఇద్దరి ఫ్లెక్సీల మీదా అవే నాలుగు లైన్లు పడ్డాయి. రెండో ఇంటి అబ్బాయి వచ్చి ఫోన్‌లో రెండు ఫొటోలూ చూపించి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. సొంతంగా రాద్దామంటే చెయ్యి ఆడటం లేదు. ఓనరన్న ఇంకా స్పీడు పెంచమంటున్నాడు. ఇది వాడటం తప్పా? మానేయాలా? ముందు ముందు నా పని ఉంటుందా? (పేరు వద్దు, ఒంగోలు)

జవాబు: చెల్లెమ్మా, మానేయక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు కాస్త ఊపిరి తీసుకుని మిగతాది చదువుతావని చెబుతున్నా. నేనూ రోజూ వాడుతున్నా, నెల్లూరులో ఆఫీసు పనిలో కూర్చుని ఉత్తరాలు, సర్క్యులర్లు, మీటింగ్ మినిట్స్, ఎక్సెల్ లెక్కలు అన్నిటికీ వాడుతున్నా. కానీ ఆ అవ్వ అన్న మాట ఉంది చూడు, "నేను చెప్పింది ఇది కాదు గదమ్మా" అని, నీ ఉత్తరంలో నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళి చదివింది అదొక్కటే. నీకు జరిగిన రెండు తప్పులూ ఒకే చోట పుట్టాయి, అది తెలిస్తే ఎక్కడ వాడాలో ఎక్కడ ఆగాలో నీకే తెలిసిపోతుంది.

నాకు జరిగింది చెబుతా. మా ఆఫీసులో ఒక మీటింగ్ జరిగింది, నేను పుస్తకంలో గబగబా పాయింట్లు రాసుకున్నా. ఒక సీనియర్ సార్ లేచి ఈ పద్ధతి నాకు సమ్మతం కాదు అన్నారు, అది కూడా రాసుకున్నా, కాకపోతే సగం మాటల్లో. సాయంత్రం ఆ పాయింట్లన్నీ ఇచ్చి మినిట్స్‌లాగా రాయమన్నా. చక్కగా రాసింది. చివర్లో "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని పెట్టింది. నేను సంతకం చేసి పంపించేశా. మర్నాడు ఆ సార్ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చి, "నేను ఆమోదించానామ్మా?" అని మెల్లగా అడిగారు. ఆ ప్రశ్న ఈ రోజుకీ నా చెవిలో ఉంది, ఎందుకంటే తప్పు నాది, కింద ఉన్న సంతకం నాది.

ఎందుకలా రాసిందని తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఈ యంత్రానికి నిజం, అబద్ధం అని రెండు డబ్బాలు లేవు. కోట్ల పేజీలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టడం నేర్పారు దానికి. చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది 2022 నవంబరు 30న, దాని వెనకున్న పద్ధతి మీద గూగుల్ పరిశోధకులు పేపరు రాసింది 2017లో. అప్పటికీ ఇప్పటికీ ఎంతో మెరుగుపడింది, కానీ పుట్టుక మాత్రం అదే, తర్వాతి ముక్క ఏదో ఊహించడం. మినిట్స్ అనే కాగితాలు మామూలుగా ఎలా ముగుస్తాయి? ఏకగ్రీవంగా ఆమోదించారు అనే కదా. అందుకే అదే రాసింది. మా సార్ లేచి కాదన్నది మామూలు సంగతి కాదు, అందుకే జారిపోయింది.

ఇప్పుడు అవ్వ దగ్గరికి రా. తెలుగులో పొలం, పేరు మార్పు, పాసుపుస్తకం అనగానే ఇంటర్నెట్ నిండా ధరణి గురించే రాశారు. అది తెలంగాణ ప్రభుత్వ భూమి రికార్డుల పోర్టల్, 2020 అక్టోబరులో మొదలైన దగ్గర్నుంచి దాని మీద వచ్చినన్ని వార్తలు, గొడవలు, వీడియోలు ఇంక దేని మీదా వచ్చి ఉండవు. చివరికి 2025లో వాళ్ళే దాన్ని తీసేసి భూభారతి తెచ్చారు. మన వైపు భూమి రికార్డులు ఉండేది వెబ్‌ల్యాండ్‌లో, జనం చూసుకునేది మీభూమి సైటులో. నువ్వు తెలుగులో పొలం అర్జీ అన్నావు, ఒంగోలు అని చెప్పావో లేదో, చెప్పినా అది ఎంత పట్టించుకుందో, ఎక్కువగా కనబడే మాట ధరణి కాబట్టి ధరణి రాసింది. సెక్షన్ నంబరు కూడా అంతే. అర్జీలో చట్టం పేరు, సెక్షన్ ఉంటే అర్జీలాగా కనబడుతుంది, కాబట్టి ఒకటి పెట్టింది.

అంటే ఏమైంది? మామూలుగా అందరూ ఏం రాస్తారో అది రాసింది. కానీ కొండపి నుంచి బస్సెక్కి సోమవారం పొద్దున్నే నీ దగ్గరికొచ్చిన మనిషి కష్టం అందరిదీ కాదు, ఆమెదే. ఆ ఊరిది, ఆ సర్వే నంబరుది, ఆ గ్రామ సచివాలయంలో ఫలానా రోజు ఇచ్చిన కాగితానిది. అది యంత్రానికి తెలిసే దారే లేదు, నీకు తెలుసు, ఎందుకంటే ఆమె నీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెప్పింది.

ఇంకో సంగతి, నీలాగా చదువుకున్నవాళ్ళకి, నీకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళకి కూడా ఇది జరిగింది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఒక విమాన ప్రయాణికుడి కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన ఆరు తీర్పులు కోర్టుకి రాసిచ్చారు. ఆ తీర్పులు అసలు లేనేలేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. అందులో నన్ను బాగా పట్టుకున్న ముక్క ఏమిటంటే, వాళ్ళలో ఒక లాయరు ముందుగా అనుమానం వచ్చి "ఈ కేసులు నిజమైనవేనా" అని ఆ చాట్‌జీపీటీనే అడిగాడు, అది నిజమైనవే అని చెప్పింది. కాబట్టి నువ్వు "ఈ సెక్షన్ కరెక్టేనా" అని దాన్నే అడిగి అవునంటే వదిలేయడం సరిచూడటం కిందికి రాదు. సరిచూడటం అంటే అవ్వ సంచీలోంచి తీసిన కాగితంతో పోల్చడం.

ఇప్పుడు పని ఎలా చెయ్యాలో చెబుతా, నేను చేసేదే. అర్జీకి వచ్చిన మనిషి చెబుతుండగా కంప్యూటర్ వైపు తిరగకు. ఒక చిత్తు పుస్తకం పెట్టుకో, పెన్నుతో ఆమె మాటల్లోనే నాలుగైదు లైన్లు రాయి. ఎవరు, ఏ ఊరు, ఏ మండలం, ఏమైంది, ఎప్పుడైంది, ఇంతకుముందు ఎక్కడ ఏం కాగితం ఇచ్చారు, రసీదు ఉందా, ఇప్పుడు ఏం కావాలి. ఈ చివరిది అడగడం చాలామంది మర్చిపోతారు. నేను చూసిన అర్జీల్లో సగం "తగిన న్యాయం చేయగలరు" అని ఆగిపోతాయి, ఏం చేస్తే న్యాయమో ఉండదు, చదివిన ఆఫీసరు దాన్ని ఎవరికి పంపాలో కూడా తెలియని పరిస్థితి. ఆ తర్వాత యంత్రానికి ఇలా చెప్పు: "కింద ఇచ్చిన వివరాలతో ఆంధ్రప్రదేశ్, ప్రకాశం జిల్లా కలెక్టరుకి అర్జీ రాయి. నేనిచ్చిన వివరాలు తప్ప కొత్తది ఏదీ చేర్చొద్దు. చట్టాల పేర్లు, సెక్షన్లు, జీవో నంబర్లు రాయొద్దు. తెలియని చోట గీత పెట్టి వదిలెయ్. చిన్న వాక్యాలు. పదిహేను లైన్లు దాటొద్దు." ఇంత చెప్పినా అప్పుడప్పుడు ఏదో ఒకటి కలుపుతుంది, కాబట్టి వచ్చాక నీ చిత్తు పుస్తకం పక్కన పెట్టుకుని చూడు, పుస్తకంలో లేనిది కాగితంలో కనబడితే కొట్టెయ్.

నువ్వు పంపిన ఆ అర్జీ మొదటి లైన్లు ఇలా ఉన్నాయి: "నేను ఒక నిరుపేద వృద్ధ మహిళను. నా భూమి సమస్య వలన నేను తీవ్రమైన మానసిక వేదనను ఎదుర్కొంటున్నాను." అవ్వ ఇలా మాట్లాడిందా? మానసిక వేదనను ఎదుర్కొంటున్నాను అని ఆమె అని ఉంటుందా? దానికంటే ఇది చూడు: "నా భర్త ఫలానా తేదీన చనిపోయారు. ఆయన పేరున మా ఊళ్ళో సర్వే నంబరు ఇంతలో ఎకరా ఇరవై సెంట్లు ఉంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ఫలానా తేదీన సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను, రసీదు నంబరు ఇది. ఇప్పటికీ 1బి భూమి రికార్డులో చనిపోయిన నా భర్త పేరే ఉంది. నా పేరు ఎక్కించి పాసుపుస్తకం ఇప్పించగలరు." ఇందులో భాష గొప్పగా ఏమీ లేదు. కానీ దీన్ని తీసుకున్న మనిషి కంప్యూటర్లో ఆ నంబరు కొట్టి చూడగలడు. అవ్వకి కావలసింది అది.

ప్రింటు తీశాక ఒక పని చెయ్యి, ఎంత జనం ఉన్నా సరే. చదివి వినిపించు. అవ్వకి చదువు రాకపోవచ్చు, వినడం వచ్చు కదా. నువ్వు ధరణి అని చదివి ఉంటే అదేంటమ్మా అని ఆమే అడిగి ఉండేది. ఒక్క నిమిషం పడుతుంది, ఆ నిమిషం పెట్టనందుకు ఆమెకి ఒక సోమవారం, బస్సు చార్జీలు, అక్కడ నలుగురిలో చిన్నబోవడం ఖర్చయ్యాయి. నిన్ను బాధపెట్టాలని కాదు, నీకా బాధ ముందే ఉంది, ఉంది కాబట్టే ఉత్తరం రాశావు.

తెలుగు గురించి ఒక మాట. ఇవన్నీ ఎక్కువగా చదివింది ఇంగ్లీషు. మన భాష వాటికి దొరికింది తక్కువ. అందుకే కొన్నిసార్లు తెలుగు అక్షరాలే కానీ లోపల ఇంగ్లీషు. "ఈ లేఖ మిమ్మల్ని మంచి ఆరోగ్యంలో కనుగొంటుందని ఆశిస్తున్నాను" అని నాకొకసారి రాసిచ్చింది, కాగితం సప్లయ్ చేసే ఆయనకి బాకీ గురించి ఉత్తరం రాయమంటే. మనం అలా ఎవరికైనా రాస్తామా? "క్షేమంగా ఉన్నారని తలుస్తాను" అంటాం, వ్యాపార ఉత్తరమైతే అది కూడా అనం, నేరుగా బిల్లు నంబరుతో మొదలుపెడతాం. నీకు ఆరేళ్ళ అనుభవం ఉంది, నోటితో చదివితే ఎక్కడ తట్టుకుంటుందో అక్కడ మార్చెయ్. భాష బాగుందని జనం మెచ్చుకుంటున్నారన్నావు. గ్రాంథికంగా ఉంటే బాగుందనుకోవడం మనకి అలవాటు, ఆ మెప్పుని ఎక్కువ నమ్మకు.

ఇంక ఇది గట్టిగా చెబుతున్నా. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, పాసుపుస్తకం ఫొటోలు అందులో పెట్టకు. అర్జీదారు పేరు కూడా పెట్టనక్కర్లేదు. "ఫలానా" అనో, గీత గీసో రాయించుకుని, పేర్లూ నంబర్లూ నీ కంప్యూటర్లో వర్డ్‌లోనో పేజ్‌మేకర్‌లోనో నీ చేత్తో టైపు చెయ్యి. దీనివల్ల రెండు లాభాలు, నంబరు తప్పుపోదు, వాళ్ళ వివరాలు బయటికి పోవు. సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ అని ఉంటుంది, మన మాటలతో వాళ్ళ మోడల్‌ని మెరుగుపరుచుకోవడానికి అనుమతి ఇచ్చే బటన్ అందులో ఉంటుంది, దాన్ని ఆఫ్ చెయ్. 2025 జనవరి చివర్లో కేంద్ర ఆర్థిక శాఖే తన ఉద్యోగులకి ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని సర్క్యులర్ ఇచ్చింది, కాగితాల్లోని గుట్టు బయటికి పోతుందని. వాళ్ళకే అంత భయముంటే, నిన్ను నమ్మి సంచీ మొత్తం నీ టేబుల్ మీద బోర్లించే అవ్వ తరఫున నువ్వు ఎంత జాగ్రత్తగా ఉండాలి. జిరాక్స్ కోసం ఆధార్ ఇచ్చేవాళ్ళకి, ఆఖరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుందని కూడా చెబుతూ ఉండు, చాలామందికి తెలియదు.

ఫ్లెక్సీ సంగతికి వస్తా. నిజం చెప్పాలంటే పాత రోజుల్లో కూడా షాపుల్లో నాలుగే నాలుగు నివాళి వాక్యాలు ఉండేవి, "మీరు లేని లోటు తీరనిది, మీ జ్ఞాపకాలే మాకు ఊపిరి" అని, అందరికీ అవే వేసేవాళ్ళు. ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే అవి షాపు మాటలని అందరికీ తెలుసు. ఇప్పుడు ఎందుకు గుచ్చుకుందంటే, ఆ అబ్బాయి అవి వాళ్ళ నాన్న కోసం రాసినవే అనుకున్నాడు. నువ్వూ అలాగే అనుకుని ఉంటావు, ఎందుకంటే నువ్వు రెండుసార్లు విడివిడిగానే అడిగి ఉంటావు. కానీ రెండుసార్లూ "తండ్రి చనిపోయాడు, రైతు, నివాళి నాలుగు లైన్లు" అనే అడిగావు కదా. ఒకే విత్తనం వేస్తే ఒకే పైరు వస్తుంది.

ఇంక నుంచి రాసేముందు మూడు అడుగు. ఊళ్ళో ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళు? పొద్దున లేస్తే ముందు ఏం చేసేవాడు? మీకు ఆయన ఎక్కడ కూర్చున్నట్టు, ఏం చేస్తున్నట్టు గుర్తుంది? దుఃఖంలో ఉన్నవాళ్ళని ఏం అడుగుతాంలే అనుకోకు, అడిగితే వాళ్ళు చెప్పుకుంటారు, చెప్పుకోవడానికే ఎదురుచూస్తుంటారు. ఉదాహరణకి టంగుటూరు వైపు అంటే పొగాకు, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లు. ఒక కొడుకు ఇలా చెప్పాడనుకో, "బ్యారన్ కాలినన్ని రోజులు నాన్న ఇంట్లో పడుకునేవాడు కాదు, మంట చూసుకుంటూ అక్కడే మంచమేసుకునేవాడు, నేను అన్నం క్యారియర్ తీసుకెళ్ళేవాణ్ణి." ఇంకేం కావాలి? "బ్యారన్ కాడ మంచమేసుకుని మా కోసం నిద్ర మానుకున్న నాయనా, నీ క్యారియర్ మోసిన చేతులతో నీకు దండం పెడుతున్నాం." ఇది నేను ఇప్పుడే, ఈ ఉత్తరం రాస్తూ రాశాను, గొప్ప కవిత్వం అనను. కానీ పక్కింటి ఫ్లెక్సీ మీద ఇది పడదు. పడితే ఊరంతా ఇదెవరి నాయనో చెప్పేస్తుంది. ఇలా నువ్వు ముడి వాక్యం రాశాక, అప్పుడు యంత్రాన్ని పిలువు. అక్షర దోషాలు చూడమను, ఫ్లెక్సీ సైజుకి కుదించమను, ఇంకో రెండు రకాలుగా చెప్పమను. అందులో నీకు నచ్చిన ముక్క ఒకటి దొరకొచ్చు, తీసుకో, తప్పేం లేదు. ముందు విత్తనం నీదై ఉండాలి, అంతే నేను చెప్పేది.

ఫొటోల గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నా, ఎందుకంటే ఇదీ అదే జబ్బు. మా అమ్మది ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంది, మడతలు పడి, ఒక మూల చెదలు తిని. ఏఐ యాప్‌లో వేస్తే కొత్త ఫొటోలాగా వచ్చింది. సంబరంగా పిన్నికి చూపిస్తే, కాసేపు చూసి "ఇది అక్క కాదే" అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత దగ్గరగా పెట్టి చూశాను. అమ్మ ముక్కుపుడక కుడివైపు ఉంటుంది, ఇందులో ఎడమవైపుకి వెళ్ళింది. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ మరకేమో అనుకుని తుడిచేసింది. అది ఫొటోని బాగుచెయ్యదు చెల్లెమ్మా, ఆ వయసు ఆడవాళ్ళు మామూలుగా ఎలా ఉంటారో అలాంటి ముఖం ఒకటి కొత్తగా గీస్తుంది. కాబట్టి పోయినవాళ్ళ ముఖం దానికి అప్పగించకు. మంచి రెజల్యూషన్‌లో స్కాన్ చేసి ఫొటోషాప్‌లో నీకు వచ్చిన పద్ధతిలో మరకలు తీసెయ్, వెలుగు పెంచు, ముఖం జోలికి పోకు. వెనక బ్యాక్‌గ్రౌండ్ పూలు, ఆకాశం, దీపం కావాలంటే ఏఐతో చేయించుకో, అందులో బాగా చేస్తుంది. కానీ తెలుగు అక్షరాలు దాని చేత బొమ్మలో రాయించకు. ఇంతకుముందు కంటే నయమే అయినా ఒత్తులు, గుణింతాలు ఇప్పటికీ తప్పుతున్నాయి, పోయినవాళ్ళ పేరులో ఒత్తు తప్పితే ఎవరు ఊరుకుంటారు? అక్షరాలు నీ డీటీపీలోనే వెయ్యి.

అన్నట్టు, చాట్‌జీపీటీలోంచి కాపీ చేసిన తెలుగు యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో కనబడే అక్షరాలు) ఉంటుంది, డీటీపీలో వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు కన్వర్టర్ కొన్ని ఒత్తుల్ని తినేస్తుంది. ఇది నీకు నాకంటే బాగా తెలుసు, కానీ ముందు స్క్రీను మీద చదివేశాం కదా అని మార్చాక చదవకుండా వదిలేస్తాం. మార్చాకే చదవాలి, ప్రింటు అయ్యేది అదే.

బిల్లులు, లెక్కలు ఉంటే కూడికలు దాన్ని చెయ్యమని అడక్కు, మాటల యంత్రం అది, పెద్ద లెక్కల్లో తప్పొచ్చు. ఎక్సెల్‌లో ఫార్ములా ఎలా రాయాలో అడుగు, లెక్క ఎక్సెల్ చేస్తుంది. బ్యాంకు నుంచి ఇంగ్లీషులో నోటీసు వచ్చి ఎవరైనా నీ దగ్గరికి తెస్తే ఇందులో ఏముందో తెలుగులో చెప్పమని అడగొచ్చు, పేరూ ఖాతా నంబరూ తీసేసి, తేదీ, డబ్బు మాత్రం అసలు కాగితంలో నీ కళ్ళతో చూసి చెప్పు. ఇలాంటి చిన్న చిన్న వాటికి హాయిగా వాడుకో.

తప్పా అని అడిగావు. మన నెల్లూరు వైపు ఒక కథ చెప్పుకుంటారు, నువ్వూ వినే ఉంటావు. తిక్కన పద్యాలు ఆశువుగా చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడట. ఒక చోట తిక్కనకి మాట తోచక, "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. అది సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతి చెప్పే చోటు. కురునాథా అనే పిలుపు సంధి కలిసి గురునాథా అవుతుంది కాబట్టి పద్యం అతికినట్టు సరిపోయిందట. కథలో మనం ఎప్పుడూ తిక్కననే మెచ్చుకుంటాం, నేనైతే రాసేవాడి గురించి ఆలోచిస్తా. అతను చెవిపెట్టి వింటున్నాడు, ఎక్కడున్నామో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తూనే రాస్తున్నాడు. ఒకరు చెబితే ఇంకొకరు రాసిపెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పని, దస్తావేజు లేఖరులు చేసింది అదే, పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టినవాళ్ళు చేసింది అదే. ఆ పని కోసం పెన్ను వాడినా, టైపు మిషను వాడినా, ఏఐ వాడినా దొంగతనం కాదు. కానీ గురునాథుడి స్థానంలో కూర్చోవలసింది నువ్వు, యంత్రం కాదు. ఎవరైనా "మీరే రాశారా" అని అడిగితే ఏఐతో రాయించి నేను సరిచేశానని చెప్పెయ్, దాచిపెడితే ఆ దాచిన బరువే నిన్ను తినేస్తుంది.

చెయ్యి ఆడటం లేదన్నావు. నాకు నీ ఉత్తరంలో అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే. నేను తొంభైల్లో ట్రంకు రోడ్డుకి దగ్గర్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పరీక్షలు కట్టినదాన్ని. నెల రోజులు సెలవు పెట్టి వెళ్తే వేళ్ళు మొరాయించేవి, మళ్ళీ వారం కూర్చుంటే వచ్చేసేవి. రాయడం కూడా అంతే, పోదు, మొరాయిస్తుంది. రోజూ షాపు తెరవగానే మొదటి కాగితం, ఏదైనా సరే, యంత్రం లేకుండా మొత్తం నువ్వే రాయి. అది బాగా రాకపోయినా పర్లేదు. పదిహేను రోజులు అలా చేసి చూడు.

ఉద్యోగం ఉంటుందా అంటే, నీకు తియ్యటి మాటలు చెప్పను. ఉత్త టైపు కోసం వచ్చేవాళ్ళు తగ్గుతారు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి, ఫోన్‌లో నోటితో చెబితే అర్జీ రాసిచ్చే కాలం వచ్చేసింది, వచ్చినవాళ్ళ మనవలే ఇంట్లో రాసిచ్చేస్తారు. నేను నేర్చుకున్న టైపు ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు లేదు, ఆ మిషన్లు ఏమయ్యాయో కూడా తెలియదు. కానీ కలెక్టరేట్ ముందు జనం ఎందుకు మీ షాపుకి వస్తున్నారో ఒకసారి గమనించు. ఏ కాగితం జతచెయ్యాలి, రసీదు ఎందుకు దాచుకోవాలి, ఇది కలెక్టరుకి ఇవ్వాలా ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళాలా, ఇవి అడగడానికి వస్తున్నారు. ఆ జవాబులు నీకు తెలుసు. నీకు తెలియనివి ఇంకా కొన్ని ఉంటాయి, ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు అవి నేర్చుకో, ఏ పనికి ఏ కాగితాలు కావాలో రెవెన్యూ, పింఛను, రేషన్ కార్డు, ఇల్లు అని విడివిడిగా ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. నీ జీతం రేపు నిలిచేది దాని మీద, టైపింగ్ స్పీడు మీద కాదు.

ఓనరన్నకి కూడా ఇదే చెప్పు. అవ్వ వెనక్కి వచ్చిన రోజు షాపు ముందు ఎంతమంది ఉన్నారో ఆయనకి గుర్తుచెయ్. గంటకి పది అర్జీలు కాకుండా ఏడు అయితే ఏమవుతుంది, ఒక్కటీ వెనక్కి రాకపోతే వచ్చే వారం ఆ ఏడుగురూ ఇంకో ఏడుగురిని పంపిస్తారు. చదివి వినిపించాక ఇస్తామని గోడ మీద ఒక కాగితం అంటించమను, జనమే ఆగుతారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినవి రెండున్నాయి, ఈ వారంలోనే. అవ్వ ఫోన్ నంబరు షాపు పుస్తకంలో ఉండే ఉంటుంది, లేకపోతే వాళ్ళ ఊరి నుంచి సోమవారం వచ్చేవాళ్ళతో కబురు పెట్టు. అర్జీ కొత్తగా రాసి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చి, ఆమె ముందు చదివి వినిపించు. సచివాలయంలో ఇచ్చిన దరఖాస్తు రసీదు ఉందేమో సంచీ అంతా వెతికించు, అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

రెండోది ఆ అబ్బాయి. వాళ్ళింట్లో పెద్దకర్మ అయిందో లేదో నువ్వు రాయలేదు. కాకపోతే కార్డు ఇంకా వేయించాల్సి ఉంటుంది కదా, నువ్వే ఫోన్ చెయ్యి. తప్పు జరిగింది తమ్ముడూ అని ఒక్క మాట అని, తర్వాత అడుగు, మీ నాన్న పొద్దున లేవగానే ముందు ఏం చేసేవాడయ్యా అని.